అణువుల గీతలు, గెలాక్సీల పటాలు

మెథనాల్ అణువు మైక్రోవేవ్ తరంగాల్లో ఎక్కడెక్కడ గీతలు వేస్తుందో 1955లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గోర్డీతో కలిసి కొలిచారు పుచ్చా వెంకటేశ్వర్లు. 1970లో అదే మెథనాల్ పాలపుంత నడిబొడ్డున మేఘాల్లో కనబడింది. నక్షత్రాలు పుట్టే చోట దుమ్ము మీది మంచు వేడెక్కి ఆవిరైందా అని చూసేవారికి ఇవాళ గట్టి ఆనవాలు ఈ అణువే. ప్రయోగశాలలో గీత చోటు తేలకపోతే ఎంత పెద్ద టెలిస్కోపైనా ఏం చేస్తుంది? ఆ ఓపికకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే! వాల్తేరులో రంగధామరావు గారు నిలబెట్టిన వర్ణపట శాస్త్ర సంప్రదాయం, ఒహాయోలో కె. నరహరిరావు గారు దశాబ్దాలపాటు నడిపిన అణు వర్ణపట సదస్సు ఈ విద్యకు పునాదిరాళ్లని నా నమ్మకం.

ఇక పటం గీసే పని. చిలీలో 5000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా రేడియో టెలిస్కోపుకు 66 యాంటెన్నాలున్నాయి. జంటజంటగా వాటి సంకేతాలు కలిపితే చివరికి వచ్చేది ఒక బొమ్మ కాదు, బొమ్మల దొంతర. ఒక్కో పొర ఒక్కో వేగంతో కదిలే వాయువుది. 115.27 గిగాహెర్ట్జ్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పలచటి వాయువును సైతం చూపిస్తుంది. హైడ్రోజన్ సయనైడ్ చిక్కటి చోట్లనే పట్టిస్తుంది. సిలికాన్ మోనాక్సైడ్ కనబడితే అక్కడ వాయువులు ఢీకొన్నట్టే.

ఎన్‌జీసీ 1068 గెలాక్సీ నడుమ కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయు వలయాన్ని 2018లో ఇమానిషి బృందం హైడ్రోజన్ సయనైడ్ గీతతోనే పట్టుకుంది. మరుసటేడు ఇంపెల్లిజెరి బృందం ఇంకా లోపలికి చూసింది. లోపలి వాయువు బయటి దానికి ఎదురుదిశలో తిరుగుతోంది! కోట్ల కాంతి సంవత్సరాల అవతల, కొద్ది కాంతి సంవత్సరాల మేర సుడి. ఇంతకన్నా సున్నితమైన పనితనం నేనెరుగను.

ఇప్పుడు ఫోన్లలో తిరిగే కృష్ణబిలం బొమ్మలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఏ అణువో చెప్పరు, వేగం ఉండదు, కొలబద్ద ఉండదు. కంప్యూటర్ కల్పించిన ఊదా మంటలను పిల్లలు నిజమని నమ్ముతున్నారు. అసలు పటానికి ఇంతకన్నా అవమానం ఏముంది?

ఆకాశాన్ని కొలిచే పని మన హైదరాబాదుకు కొత్తేమీ కాదు. హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి బేగంపేటలో దిగండి. అక్కడి నిజామియా వేధశాల లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి ప్రపంచ నక్షత్ర పట్టికకు ఇచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన ఆ వేధశాల గుమ్మటాలు పాడుబడ్డాయి. పక్కనే అద్దాల మేడలు లేస్తుంటే మన నగరం ఆ గుమ్మటాలకేసి తలెత్తి చూడదు.

అయినా దారి ఉంది. ఆల్మా సమాచారం సాధారణంగా ఏడాది గడిచాక అందరికీ తెరుచుకుంటుంది. దాన్ని శుద్ధి చేసే కాసా సాఫ్ట్‌వేర్ ఉచితం. పైథాన్ తెలిసిన ఇంజనీర్లు హఫీజ్‌పేట్, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో వేలమంది. ఐటీ కంపెనీలు ఉస్మానియా ఖగోళ విభాగంతో చేయి కలపాలి, గుమ్మటాలు బాగుచేయించాలి, వాటి కిందే శనివారం తరగతులు పెట్టాలి. మొదటి పాఠానికి ఎన్‌జీసీ 1068 సయనైడ్ దొంతర చాలు.