'విక్రమ్'లో మత్తుమందు వాడేవాడెక్కడ?

లోకేశ్ కనకరాజ్ తీసిన 'విక్రమ్' 2022లో తమిళంతోపాటు తెలుగులోనూ వచ్చింది. మా క్లాసులో రెండు భాషల్లోనూ చూసినవాళ్లున్నారు. మత్తుమందు లేని సమాజం కావాలని కమల్ హాసన్ పోరాడతాడు. ఉద్దేశం మంచిదే. కానీ విజయ్ సేతుపతి వేసిన సంతానం దెబ్బలు తిని, మత్తుమందు నమిలి, రెట్టింపు బలంతో లేస్తాడు. హాల్లో ఈలలు! చెడ్డదంటూనే దాన్ని టానిక్కులా చూపిస్తే ఎలాగండీ?

ఇందులో అమ్మేవాళ్లున్నారు, అడ్డుపడేవాళ్లున్నారు, చచ్చేవాళ్లు బోలెడు. డబ్బిచ్చి కొనేవాడి కథే లేదు. కర్ణన్ మత్తుకు బానిస అని మొదట చెప్పి, అదంతా నటనేనని తర్వాత తేల్చేస్తారు. అసలు చిక్కు అక్కడే తప్పించుకున్నారు. కొనేవాడి డబ్బుతోనే ముఠా నడుస్తుంది గనక ఆ హత్యల్లో వాడికీ కొంత పాపం అంటుతుంది. అయినా వాడూ సంతానమూ ఒకటి కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కూడా ఈ తేడా పాటించింది. వాడితే ఏడాది వరకే జైలు. భారీగా అమ్మితే పదేళ్లకు తగ్గదు. బానిసైనవాడు తనంతట తానే చికిత్సకు వస్తే కేసు నుంచి బయటపడే దారి కూడా అందులో ఉంది.

మత్తు కోసం అమ్మ గొలుసు ఎత్తుకెళ్లి అమ్మేసిన కుర్రాడొకడు ఈ కథలో ఉంటే, విక్రమ్ తన తుపాకీ ఎవరివైపు తిప్పేవాడో!