మోర్స్ పరీక్ష: ద్వారమా? అడ్డుగోడా?

సొంత రేడియో కేంద్రం ఏర్పాటు చేసుకుని దేశదేశాల ఔత్సాహికులతో సంభాషించే అభిరుచిని హామ్ రేడియో అంటారు. దీనికి ప్రభుత్వ లైసెన్సు కావాలి. లైసెన్సుకు పరీక్ష ఉంటుంది. ఎలక్ట్రానిక్స్, నిబంధనలు తెలిసి ఉండాలనడం న్యాయమే. కాని మన దేశంలో దశాబ్దాల పాటు దీనికి తోడు మోర్స్ కోడ్ పరీక్ష కూడా ఉండేది. రెండో గ్రేడుకు నిమిషానికి 5 పదాలు, మొదటి గ్రేడుకు 12 పదాల వేగంతో సంకేతాలను విని రాయాలి, మీట నొక్కి పంపాలి. మోర్స్ రానివారికి పరిమిత లైసెన్సే దక్కేది. ఇటువంటి పరీక్షను తప్పనిసరి చేయడం సమంజసమేనా?

ముందు ఆ వేగాల అర్థం చూద్దాం. 'పారిస్' అనే ఆంగ్ల పదాన్ని కొలమానంగా తీసుకుంటారు. విరామాలతో కలిపి దాని నిడివి 50 చుక్కలకు సమానం. నిమిషానికి 5 పదాలంటే ఒక్కో చుక్కకు 0.24 సెకను, 12 పదాలంటే 0.1 సెకను. అంత వేగంలో చుక్కలు, గీతలు లెక్కపెడుతూ కూర్చుంటే కుదరదు. అక్షరం మొత్తాన్ని ఒక లయగా చెవి గుర్తుపట్టాలి. ఇది సాధనతో వచ్చే నైపుణ్యం. రేడియో శాస్త్రం ఎంత తెలుసో ఇది చెప్పదు. వినికిడి లోపమున్న విద్యార్థి చక్కటి ట్రాన్స్‌మీటరు తయారు చేయగలిగినా, చెవితో విని రాయమంటే ఏం చేయగలడు?

అసలు ఈ నిబంధన ఎందుకు వచ్చింది? తొలి రోజుల్లో ఓడలన్నీ మోర్స్‌లోనే సందేశాలు పంపేవి. ఔత్సాహికుడి ప్రసారం ఆపదలో ఉన్న ఓడ పిలుపుకు అడ్డు తగిలితే, "ఆపు" అన్న ఆజ్ఞ అతనికి అర్థం కావాలి. ఆనాటికి అది సబబైన కారణం. 1999 ఫిబ్రవరి 1 నాటికి ఓడల ఆపద సందేశాలకు ఉపగ్రహాలు, స్వయంచాలిత పరికరాలతో కూడిన కొత్త వ్యవస్థ పూర్తిగా అమలులోకి వచ్చింది. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం మోర్స్ పరీక్ష అక్కర్లేదని, ఉంచాలో వద్దో ఆయా దేశాలే తేల్చుకోవచ్చని తీర్మానించింది. బ్రిటన్, జర్మనీ అదే ఏడాది దాన్ని ఎత్తివేశాయి. అమెరికా 2007 ఫిబ్రవరిలో ఎత్తివేసింది. మన దేశంలో మాత్రం ఆ తరువాత కూడా కొన్నేళ్లు ఈ పరీక్ష కొనసాగింది.

పరీక్షను సమర్థించేవారి వాదాలు మూడు. మొదటిది, బలహీనమైన సంకేతం కూడా మోర్స్‌లో అందుతుందన్నది. ఇది నిజం. మాటల ప్రసారానికి సుమారు 2500 హెర్ట్‌జ్‌ల వెడల్పు కావాలి. మోర్స్‌కు గ్రాహకంలో 250 హెర్ట్‌జ్‌ల వడపోత చాలు. వెడల్పు పదో వంతయితే లోపలికి వచ్చే రొద కూడా పదో వంతే. అయితే నోబెల్ బహుమతి పొందిన జో టేలర్, మరో ఔత్సాహికుడు కలిసి 2017లో రూపొందించిన 'ఎఫ్‌టీ8' అనే కంప్యూటర్ పద్ధతి, మన చెవికి వినిపించని సంకేతాన్ని సైతం చదవగలదు. మరి ఈ కారణంతో దాన్నెవరూ తప్పనిసరి చేయలేదే!

రెండోది, విపత్తుల్లో మోర్సే దిక్కన్నది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ నుండి భారతీ ప్రసాద్ నాయకత్వంలో వెళ్లిన హామ్ బృందం అండమాన్‌లోనే ఉంది. టెలిఫోన్లు మూగపోయిన వేళ ద్వీపవాసుల క్షేమసమాచారాలను బయటి ప్రపంచానికి చేరవేసింది. ఆ పనిలో ప్రధానంగా ఉపయోగపడింది నోటి మాటే.

మూడోది, కష్టమైన పరీక్ష ఉంటేనే శ్రద్ధ గలవారు వస్తారన్నది. నిజానికి అన్నిటికన్నా బలహీనమైన వాదం ఇదే. శ్రద్ధను కొలవాలంటే యాంటెన్నా నిర్మాణం, విద్యుత్ భద్రత, పక్కింటి టీవీకి అంతరాయం కలగకుండా చూడటం వంటివాటిని గట్టిగా పరీక్షించవచ్చు. లైసెన్సుదారు సమాజానికి బాధ్యత వహించవలసింది వీటి విషయంలోనే. పరీక్ష పోయాక అమెరికాలో హామ్‌ల సంఖ్య తగ్గలేదు. కొన్నేళ్లలోనే 7 లక్షలు దాటింది. మోర్స్ కూడా అంతరించలేదు. లఘు తరంగాలపై ఇప్పటికీ రోజూ వినిపిస్తూనే ఉంది.

ఇంతకీ మోర్స్ నేర్చుకోవద్దని మా అభిప్రాయం కాదు. ఒకటి రెండు ట్రాన్సిస్టర్లు, ఒక క్రిస్టల్, కొన్ని విడిభాగాలతో మోర్స్ ట్రాన్స్‌మీటరు తయారవుతుంది. మాటల ట్రాన్స్‌మీటరుకు మాడ్యులేషన్, వడపోత వలయాలు కావాలి, ఖర్చూ పెరుగుతుంది. జేబులో డబ్బు తక్కువ, చేతిలో ఉత్సాహం ఎక్కువ ఉన్న విద్యార్థికి మోర్స్‌ను మించిన నేస్తం లేదు. స్వయంగా అతికించిన వలయం వందల కిలోమీటర్ల దూరం పలికితే కలిగే ఆనందం కొనుక్కుంటే వచ్చేది కాదు.

కనుక మోర్స్‌ను ఐచ్ఛికంగా ఉంచాలి. ఉత్తీర్ణులైనవారికి ప్రత్యేక ధ్రువపత్రం ఇవ్వాలి. కళాశాలల హామ్ క్లబ్బులు దాన్ని నేర్పాలి. ఆసక్తితో నేర్చుకున్న విద్య నిలుస్తుంది. భయంతో బట్టీపట్టినది పరీక్ష గది దాటగానే మరుపున పడుతుంది.