పెంపుడు జంతువుల నర్సులు – ఏటికి పదిహేను గంటల చదువు

బ్రిటనులో పశువైద్యుల రిజిస్టరును నిర్వహించే రాయల్ కాలేజీ ఆఫ్ వెటరినరీ సర్జన్స్ ఒక నియమం పెట్టింది. తన రిజిస్టరులో పేరున్న ప్రతి పశువైద్య నర్సు ఏటా కనీసం 15 గంటలపాటు వృత్తికి సంబంధించిన విషయాలు కొత్తగా నేర్చుకొని, ఆ సంగతి నమోదు చేసుకోవలె. పశువైద్యులకైతే ఇది 35 గంటలు. పరీక్ష పాసై ఉద్యోగంలో చేరినంత మాత్రాన చదువు ముగిసినట్లు కాదనీ, ఉద్యోగం చేసినంత కాలం అది సాగుతూ ఉండవలసిందేననీ ఈ నియమం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని చదువును గంటలతో కొలిచినప్పుడు ఆ ఉద్దేశం ఏమాత్రం నెరవేరుతున్నది అనేది విచారించవలసిన విషయం. పొరపాటు జరిగితే దాని ఫలితం అనుభవించేది శస్త్రచికిత్స బల్లమీద మత్తులో పడివున్న పిల్లి గాని కుక్క గాని అవుతుంది.

పశువైద్యం అనగానే మన పల్లెలలో ఆవులు, గేదెలు, గొర్రెలు గుర్తుకు వస్తాయి. బ్రిటనులో ఈ వైద్యంలో చాలా పెద్ద భాగం ఇళ్ళలో పెంచుకొనే కుక్కలు, పిల్లులు, కుందేళ్ళకు సంబంధించినది. అక్కడి ఆసుపత్రిలో వైద్యుడు కత్తి పట్టుకొని ఉండగా, మత్తులో ఉన్న జంతువు నాడిని, ఊపిరిని కనిపెట్టి ఉండేది నర్సు. రక్తం తీసేది, కట్టు కట్టేది, ఎక్స్‌రే తీసేది, సెలైను ఎక్కించేది, జంతువు కళ్ళు తెరిచేదాకా బోను పక్కన కూర్చునేది కూడా చాలావరకు ఆమే. ఈ పనికి క్రమమైన శిక్షణ 1961లో మొదలైంది. అప్పట్లో వారిని నర్సులు అనడానికి చట్టం ఒప్పుకొనలేదు. ఆ మాట మనుషుల నర్సులకే చెందినది. కనుక వారిని జంతు పరిచర్య సహాయకులన్నారు. నర్సు అనే పేరు 1984లోగాని దక్కలేదు. 1991లో చట్టాన్ని సవరించి, వైద్యుని అజమాయిషీలో కొన్ని చికిత్సలు చేసే అధికారం ఇచ్చారు. 2015 నాటి రాజశాసనంతో వారు తమకంటూ బాధ్యతలు గల వృత్తిగా గుర్తింపు పొందారు. బాధ్యత వచ్చినచోట నిరంతరం నేర్చుకొనే విధి కూడా రావడం న్యాయమే.

ఆ నేర్చుకొనే అవసరం ఎంతటిదో తెలియడానికి ఒక పరిశోధనను చూడవచ్చు. 2002 నుంచి 2004 వరకు బ్రిటనులోని 117 ఆసుపత్రులలో మత్తుమందు ఇచ్చిన జంతువుల లెక్క తీశారు. డేవిడ్ బ్రాడ్‌బెల్ట్, ఆయన సహచరులు ఆ ఫలితాలను 2008లో ప్రకటించారు. దాదాపు 98,000 కుక్కలు, 79,000 పిల్లులు, 8,200 కుందేళ్ళు ఆ లెక్కలోకి వచ్చాయి. మత్తు కారణంగా చనిపోయినవి కుక్కలలో నూటికి 0.17, పిల్లులలో 0.24, కుందేళ్ళలో 1.39. అంటే కుక్కలలో సుమారు 600కు ఒకటి, పిల్లులలో 420కి ఒకటి, కుందేళ్ళలో 72కు ఒకటి.

ఈ అంకెలకంటె ముఖ్యమైనది వాటి వెనక ఉన్న మరొక అంకె. చనిపోయిన కుక్కలలో 47 శాతం, పిల్లులలో 61 శాతం, కుందేళ్ళలో 64 శాతం శస్త్రచికిత్స ముగిసిన తరువాతనే చనిపోయాయి. అందులోనూ చాలాభాగం మొదటి మూడు గంటలలోనే. కుట్లు వేయడం పూర్తయి, వైద్యుడు చేతులు కడుక్కొని మరొక రోగిని చూడడానికి వెళ్ళిన సమయం అది. అప్పుడు జంతువు దగ్గర ఉండేది నర్సు ఒక్కతే. ఆమెకు ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్నదానిమీద ఒక ప్రాణం ఆధారపడి ఉన్నదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఆ మూడు గంటలలో ఏమి జరుగుతుంది? అనేక కారణాలలో ఒకటి విద్యార్థులకు సులభంగా అర్థమయ్యేది. ఒక అంగుళం భుజంగల ఘనానికి ఘనపరిమాణం 1, ఉపరితల వైశాల్యం 6. రెండంగుళాల భుజంగల ఘనానికి ఘనపరిమాణం 8, ఉపరితలం 24. అనగా మొదటిదానికి నిష్పత్తి 6, రెండవదానికి 3. శరీరం చిన్నదైనకొద్దీ దాని పరిమాణానికి తగినదానికంటె చర్మం ఎక్కువ. వేడి పుట్టేది శరీరమంతటా, పోయేది చర్మంగుండా. కనుకనే నాలుగు కిలోల పిల్లి ముప్పై కిలోల కుక్కకంటె త్వరగా చల్లబడుతుంది. పైగా మత్తులో వణుకు ఉండదు, శస్త్రచికిత్సకోసం బొచ్చు గొరిగివేస్తారు, చర్మాన్ని తడిమందుతో తుడుస్తారు. ఒళ్ళు చల్లబడితే మత్తుమందు శరీరంలోనుంచి నెమ్మదిగా పోతుంది. తెలివి ఆలస్యంగా వస్తుంది. దీనిని గ్రహించిన నర్సు దుప్పటి కప్పడం ఎప్పుడు మొదలుపెడుతుంది? ఒళ్ళు చల్లబడిన తరువాత కాదు, మత్తు ఇచ్చిన నిమిషంనుంచే.

అదే పరిశోధనలో పిల్లుల విషయంలో మరికొన్ని సంగతులు బయటపడ్డాయి. నాడిని చూస్తూ, పల్స్ ఆక్సీమీటరు అనే పరికరాన్ని వాడినచోట చావులు తక్కువగా కనిపించాయి. శ్వాసనాళంలో గొట్టం దించినచోట, సెలైను ఎక్కించినచోట ఎక్కువగా కనిపించాయి! ఇది చదివి, సెలైను పిల్లులను చంపుతుందని అనుకొంటే తొందరపాటే. జబ్బు ముదిరిన పిల్లికే సెలైను ఎక్కువగా పెడతారు; జబ్బు తీవ్రతను లెక్కలో సర్దినా అది పూర్తిగా తొలగిపోకపోవచ్చు. మరొకవైపు, పిల్లి చిన్న శరీరంలోకి ద్రవం మితిమీరి పోవడం, దాని సున్నితమైన కంఠానికి గొట్టం రాచుకొని వాపు రావడం కూడా నిజంగా జరిగే ప్రమాదాలే. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదనే ఈ వివేచన నర్సుకు ఎక్కడ అబ్బుతుంది? గంటసేపు ఉపన్యాసం విని, హాజరుపత్రం తీసుకొని ఇంటికి వెళ్ళినంత మాత్రాన అబ్బుతుందా?

పల్స్ ఆక్సీమీటరు సంగతే తీసుకొందాము. అది జంతువు నాలుకగుండా ఎర్రని కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపుతుంది. ప్రాణవాయువుతో కూడిన రక్తం ఎర్రకాంతిని తక్కువగా, ప్రాణవాయువు లేని రక్తం ఎక్కువగా పీల్చుకొంటుంది. రెండు కాంతుల భేదాన్నిబట్టి పరికరం ఒక అంకె చూపుతుంది. అంకె చదవడం పదినిమిషాలలో ఎవరైనా నేర్వవచ్చు. కాని ఆ పరికరం చిమటావలె నాలుకను చాలాసేపు నొక్కితే, అక్కడ రక్తప్రసారం తగ్గి అంకె తప్పుగా పడిపోతుందని తెలియవలె. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. మత్తులో ఉన్న జంతువు శుద్ధమైన ప్రాణవాయువును పీలుస్తున్నప్పుడు, దాని ఊపిరి బాగా మందగించినా అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుంది. లోపల బొగ్గుపులుసు గాలి పేరుకొంటూ ఉంటుంది. ఆక్సీమీటరుకు ఆ సంగతి తెలియదు. అది తెలిపేది విడిచే గాలిని కొలిచే కాప్నోగ్రాఫు. పరికరం ఏది చెబుతుందో నేర్పే తరగతులకు కొదవ ఉండదు. ఏది చెప్పలేదో నేర్పే తరగతి అరుదు. మంచి శిక్షణను గుర్తుపట్టడానికి ఇదొక గుర్తు.

నేర్చుకొన్నది పాతబడిపోతుందనడానికి కూడా ఉదాహరణ ఉన్నది. గుండె ఆగిన కుక్కను, పిల్లిని బ్రతికించే పద్ధతిని రికవర్ అనే పేరుగల పశువైద్య నిపుణుల బృందం 2012లో సాక్ష్యాధారాలతో సూత్రీకరించింది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కవలె. రెండు నిమిషాలకొకసారి నొక్కే మనిషి మారవలె. ఎందుకంటే అలసిన చేతికి తాను అలసినట్లు తెలియదు. ఈ సూత్రాలు 2024లో కొత్త రూపం దాల్చాయి. ముఖ్యమైనవి నిలిచాయి, కొన్ని పోయాయి. చాలాసేపటికీ గుండె కదలనప్పుడు ఎడ్రినలిన్‌ను పెద్ద మోతాదులో ఇవ్వవచ్చునన్న పాత మాటను ఇప్పుడు విరమించుకొన్నారు. 2012లో శ్రద్ధగా నేర్చి, ఆ తరువాత పుస్తకం మూసిన నర్సు ఈనాడు పెద్ద మోతాదు సిరంజిని సిద్ధం చేసి పెడుతుంది. ఆమె శ్రద్ధలో లోపం లేదు. చదువు తేదీలోనే ఉన్నది లోపం. ఈ పద్ధతిని చదివి తెలుసుకోవడం వేరు, బొమ్మమీద చేతులతో సాధన చేయడం వేరు. నియమం దృష్టిలో మాత్రం రెండూ ఒక గంటే.

నొప్పి విషయం మరీ చిత్రం. పిల్లి నొప్పిని దాచుకొనే జంతువు. అరవదు, కుంటదు, ఒక మూల ముడుచుకొని కూర్చుంటుంది. 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లి ముఖాన్ని చూసి నొప్పిని అంచనా వేసే కొలతను ప్రకటించారు. చెవుల తీరు, కళ్ళు చికిలించడం, మూతి బిగువు, మీసాల దిశ, తల ఎత్తు – ఈ ఐదింటికి ఒక్కొక్కదానికి సున్న నుంచి రెండు వరకు మార్కులు. మొత్తం పదికి నాలుగు గాని అంతకంటె ఎక్కువ గాని వస్తే నొప్పి మందు ఇవ్వడం గురించి ఆలోచించవలె. దీనికి యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. చూసే కన్ను కావలె. అంతకుముందు చదువు ముగించినవారికి ఇది పాఠ్యపుస్తకంలో లేదు. ఇటువంటిదానికి పదిహేను గంటలు పట్టదు. రెండు గంటలు, ఆ తరువాత ఒక నెలరోజుల అలవాటు చాలు. కాని ఆ నెలరోజుల అలవాటును ఏ గంటలలో జమకట్టడం?

గంటల లెక్కలోని దౌర్బల్యం ఇదే. శస్త్రచికిత్స గదిలో నర్సుకు, దంతచికిత్సలో తోడ్పడే నర్సుకు, రాత్రంతా ప్రమాదస్థితిలోని జంతువులను చూసే నర్సుకు ఒకటే కొలత. ఉపాధ్యాయులకు ఈ అనుభవం కొత్తది కాదు. పునశ్చరణ తరగతులలో హాజరుపట్టీ నిండడానికి, తరగతిగదిలో పాఠం మారడానికి మధ్య ఎంత దూరమో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

రాయల్ కాలేజీ ఈ లోపాన్ని గుర్తించకపోలేదు. పూర్వం మూడేళ్ళకు కలిపి 45 గంటలు ఉండేవి. మూడో సంవత్సరం చివర హడావిడిగా పూర్తిచేసే వీలుండేది. 2020నుంచి ఏ ఏటికి ఆ ఏడు 15 గంటలని మార్చారు. ముందు ఏమి నేర్చుకోవలెనో ఆలోచించడం, నేర్చుకోవడం, నమోదు చేయడం, దానివల్ల తన పనిలో ఏమి మారిందో విమర్శించుకోవడం – ఇలా నాలుగు మెట్లు ఏర్పరచారు. నాల్గవ మెట్టును 2022నుంచి తప్పనిసరి చేశారు. పాఠ్యగోష్ఠులే కాకుండా, సహోద్యోగులతో రోగి విషయం చర్చించడం, వ్యాసం చదవడం, తమ ఆసుపత్రి ఫలితాలను సరిచూసుకోవడం కూడా లెక్కలోకి వస్తాయి. ఇది మెచ్చుకోదగిన మార్పు. దూరాన చిన్న ఊళ్ళో పనిచేసే నర్సుకు ఖరీదైన తరగతులకు వెళ్ళే శక్తి ఉండకపోవచ్చు. తన ఆసుపత్రిలోనే నేర్చుకొనే దారి ఆమెకు తెరిచారు.

అయినా ఆత్మవిమర్శ అనేది కాగితంమీద రాసేదైనప్పుడు, దానిని రాయడంలో నేర్పు వస్తుంది. అంతమాత్రాన పనిలో నేర్పు రాదు. “ఈ తరగతివల్ల నా పరిజ్ఞానం పెరిగింది” అని రాసిన వాక్యాన్ని ఎవరు కాదనగలరు? ఇందుకు బదులు ఆసుపత్రిలో తెలివి వచ్చే సమయాన ప్రతి జంతువు ఉష్ణోగ్రతను ఒక పట్టికలో రాసి, ఆరునెలల తరువాత చూసుకొంటే, ఒళ్ళు వెచ్చగా ఉంచడంలో మార్పు వచ్చిందో లేదో ఆ పట్టికే చెబుతుంది. నియమం దీనిని అనుమతించింది, కోరలేదు. పదిహేనింటిలో నాలుగైదు గంటలైనా ఇటువంటి పనికే వినియోగించవలెనని అడిగితే తప్పేమున్నది?

మరొక చిక్కు చట్టానిది. 1966 నాటి పశువైద్యుల చట్టం మూడవ అనుబంధం ప్రకారం, రిజిస్టరైన నర్సు వైద్యుని ఆదేశంపై మందులివ్వవచ్చు, శరీరకుహరంలోకి పోని చిన్న శస్త్రచికిత్స చేయవచ్చు. కష్టపడి నేర్చుకొన్నది చేయనివ్వడం, చేయనివ్వకపోవడం మాత్రం ఆమె పనిచేసే ఆసుపత్రి వైద్యుని విశ్వాసంమీద ఆధారపడి ఉన్నది. కుట్టు వేయడం నేర్చుకొనివచ్చి, ఏడాది పొడుగునా బోనులు కడిగిన చేతికి ఆ నేర్పు నిలవదు. అంతకంటె విడ్డూరం, ఆ చట్టం నర్సు అనే పేరును కాపాడలేదు. శిక్షణ పొందనివారు ఆ పేరు పెట్టుకొన్నా ఆ చట్టంలో నేరం లేదు. కనుక పదిహేను గంటల నియమం రిజిస్టరులో ఉన్నవారికే. అదే గదిలో అదే పిల్లిని పట్టుకొన్న శిక్షణలేని సహాయకురాలికి ఏ నియమమూ లేదు.

మన దేశంలో 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, వైద్యుని పర్యవేక్షణలో డిప్లొమాగాని సర్టిఫికెటుగాని పొందిన సహాయకులు “చిన్న సేవలు” చేయడానికి రాష్ట్రప్రభుత్వాలు అనుమతి ఇవ్వవచ్చునన్నది. ఆ చిన్న సేవలకు చట్టం చెప్పిన ఉదాహరణలు టీకాలు, విత్తులు కొట్టడం, గాయాలకు కట్లు. పశువుల పాక చుట్టూ తిరిగే సేవలివి. మత్తునుంచి తేరుకొంటున్న పిల్లి పక్కన మూడు గంటలు కూర్చునే పని ఆ ఉదాహరణలలో లేదు. ఇతర సేవలను చేర్చే అధికారం మాత్రం రాష్ట్రాలకు ఉన్నది.