అడిగితే దారి చూపే సారు

రాయచోటిలో డిగ్రీ చదివే పిల్లల్లో చాలామందికి నాయన కువైట్లోనో, వేరుశనగ చేనులోనో ఉంటాడు. పెద్ద పుస్తకం కొనాలంటే ఆ నెల ఇంటి లెక్క తప్పుతుంది. అట్లాంటి పిల్లోడు కాలేజీ లైబ్రరీ బల్ల ముందుకొచ్చి ఫోన్ చూపిస్తాడు. "సార్, ఈ పీడీఎఫ్ నమ్మొచ్చునా?"

మంచి లైబ్రేరియన్ అవుననడు, కాదనడు. "రాసిందెవరబ్బీ? ఏ సంవత్సరంలో? ఇంకోచోట ఇదే మాట ఉందేమో చూస్తివా?" అంటాడు. ఆ మూడు ప్రశ్నలే చదువంతటికీ పెట్టుబడి.

తర్వాత ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన జాతీయ డిజిటల్ లైబ్రరీ తెరిపిస్తాడు. 2017లో మొదలైన స్వయం అనే ఆన్‌లైన్ వేదికలో పాఠాలు ఉచితమనీ, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజనీ చెప్తాడు. తాను వెతికిపెట్టడు, పిల్లోడి చేతనే వెతికిస్తాడు. నేను మొక్కేది ఆ ఓపికకే. అందరూ వాడుకోండని రచయితే వదిలిన పుస్తకానికీ, ఎవరో దొంగచాటుగా ఎక్కించినదానికీ తేడా తెలిసేదీ ఆ బల్ల దగ్గరే.

దొంగచాటు లేకుండా దొరికే పాత పుస్తకాలూ ఉన్నాయి. కడపలో కొన్నేళ్లు కొలువు చేసిన బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది. ఇప్పుడది ఎవరి ఫోనులోనైనా పైసా ఖర్చు లేకుండా తెరుచుకుంటుంది. ఎట్లా తెరవాలో తెలియకపోతే మీ కాలేజీ లైబ్రరీకి ఒకసారి పోయి అడగండి.