చిందుల ఎల్లమ్మ నటనావృత్తి

కమ్మర్‌పల్లి మొదలుకొని బోధన్ వరకు విస్తరించిన నిజామాబాద్ జిల్లా గ్రామాలలో నటనను కులవృత్తిగా స్వీకరించి, ఊరూరా తిరిగి ఆడుతూ జీవించిన చిందు కళాకారుల పరంపరలో, 2005లో మరణించిన చిందుల ఎల్లమ్మది అగ్రస్థానం. చిందు భాగోతం అంటే పాట, మాట, అడుగు కలగలిసిన యక్షగానం. దానిని మాదిగ కుటుంబాలు ఆదరించగా, చిందు మాదిగలు అనే ఆశ్రిత కులం తరతరాలుగా ప్రదర్శించింది. మాదిగల మూలకథను చెప్పే జాంబపురాణమూ, గ్రామదేవత కథను కళ్లకు కట్టే ఎల్లమ్మ వేషమూ ఇందులో ప్రధానమైనవి. దేవత వేషం కట్టిన నటికి ప్రేక్షకులు మొక్కడం కూడా ఆచారమే.

కూచిపూడి వంటి సంప్రదాయాలలో స్త్రీపాత్రలను పురుషులు ధరిస్తూ వచ్చిన కాలంలోనే చిందులో స్త్రీలు వేషం కట్టేవారన్న సంగతికి మన నాటకచరిత్రలు తగినంత చోటివ్వలేదు. శిక్షణాలయమంటూ లేని ఈ కళలో ఇల్లే పాఠశాల కాగా, పిల్లలు పెద్దల పక్కన నిలిచి పద్యమూ దరువూ (పాత్ర పాడే లయబద్ధమైన పాట) నేర్చుకునేవారు. మైకు లేని ఆరుబయట, తెల్లవార్లూ గొంతు నిలపడం, మద్దెల దెబ్బకు అడుగు తప్పకపోవడం ఈ వృత్తికి కనీస అర్హతలు. సినిమా నటునికుండే రెండో టేకు వీరికి లేదు. ఇంతటి కళకు గుర్తింపుగా, జనగామ ప్రాంతానికి చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ గుర్తింపు ఎల్లమ్మ తరానికే దక్కవలసింది.