శానిటైజరు సీసాపై అచ్చయిన అంకె

శానిటైజరు సీసాలపై తరచుగా ఒక అంకె పెద్ద అక్షరములలో కనబడును: 99.9 శాతము క్రిములు నశించునట! ఇది అబద్ధమని నేననను. కాని పది లక్షల క్రిములలో 99.9 శాతము పోయినను ఇంకను వెయ్యి మిగులును. పైగా ఆ పరీక్షలు సాధారణముగా ప్రయోగశాలలో, ఎంచుకొన్న కొన్ని క్రిములపై జరుగును.

కొనువారికి కావలసిన అంకె వేరొకటి. అది వెనుక చిన్న అక్షరములలో ఉండును. అదే ఆల్కహాలు పాలు. కనీసము 60 శాతముండవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రములలో ఒకదాని ప్రకారము ఇథైల్ ఆల్కహాలు 80 శాతము. అట్లని నూటికి నూరుపాళ్లున్న మరింత మేలనుకొనరాదు. క్రిమి దేహమందలి మాంసకృత్తుల రూపు చెడుటకు కొంత నీరును అవసరమే.

అయితే నీరు మితిమీరిన? హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టునే తీసికొందము. 1935 నాటి ఆ రాతి కట్టడము ఐస్‌క్రీమునకు పేరుపడినది. ఒక గిన్నె ముగించి రెండవది తెమ్మన్నవాని చేయి చెమ్మగిల్లి యుండును. ఆ చేతిపై 1 మిల్లీలీటరు నీరున్నదనుకొని, 70 శాతపు ద్రవము 3 మిల్లీలీటర్లు పోయుడు. నాలుగింటిలో ఆల్కహాలు 2.1, అనగా సుమారు 52 శాతమే! సీసాలో సరిగానున్న మందు అరచేతిలో నీరుగారినది. పండ్లరసముతో జిగురుపట్టిన చేతిపై అది ఇంకను తక్కువగా పనిచేయును. వాంతులు, విరేచనములు కలిగించు నోరోవైరసు ఆల్కహాలుకు సులభముగా లొంగదు. కావున తినుబండారముల అంగడిలో సీసా ఉన్నదని కుళాయిని, సబ్బును మానివేయుట తప్పు. సువాసన చూచి కొనుట మరియొక భ్రమ. పరిమళమే కావలెనన్న అత్తరు అంగడికి పోవచ్చును.

పొడిచేతులపై, వ్రేళ్ల సందులతో సహా, ఆరువరకు సుమారు 20 సెకండ్లు రుద్దవలెను. తడి ఆరకముందు పొయ్యి దగ్గరకు పోరాదు. ఆల్కహాలు మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు.

ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జులై చివర, మద్యము దుకాణములు మూతపడియుండగా శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించిరి. కల్తీగా మిథైల్ ఆల్కహాలు చేరిన ద్రవమైనచో ప్రమాదము మరింత హెచ్చు. అది దేహములో ఫార్మిక్ ఆమ్లముగా మారి చూపునే పోగొట్టగలదు. వాసనచే దానిని వేరుపరచి చెప్పుట సామాన్యులకు సాధ్యముకాదు. మత్తుకు అలవాటుపడినవారిని ఏ చీటీయు ఆపలేదని వాదింపవచ్చును. కాని ఇంటిలో సీసాను పసివాని చేతికందు చోట పెట్టు తల్లిని ఆపవచ్చును గదా! 99.9 అను అంకెకిచ్చిన చోటులో సగమైనను, తెలుగులో "త్రాగరాదు, పిల్లలకు అందనీయరాదు" అను మాటలకిచ్చిన సీసా నేనింతవరకు చూడలేదు.