ప్రాంతీయ రేడియో - స్థానిక జీవనము : ఒక పరిశీలనము

ఆకాశవాణి ప్రసారములను మన విమర్శకులు నాటకములకును, సంగీతరూపకములకును, కవిసమ్మేళనములకును సంబంధించినంతవఱకే ప్రాయికముగా పరిశీలించుచు వచ్చిరి. వార్తలును, గ్రామీణ కార్యక్రమములును విమర్శకు విషయములు కావను భావము మనలో స్థిరపడినది. ఈ భావము సరికాదని మా యభిప్రాయము. ఒక సీమవారు తమ్ము గూర్చి తాము ఏమి వినుచున్నారో, ఏ పలుకుబడిలో వినుచున్నారో తెలిసికొనుట భాషాసాహిత్య విద్యార్థి పనియే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతమును, అందును త్రిపురారము వంటి గ్రామమును దృష్టియందుంచుకొని యీ విషయమును చర్చింతుము.

విజయవాడ కేంద్రము 1948లో నెలకొన్నది. 1935లో నిజాము ప్రభుత్వాధీనమైన హైదరాబాదులోని దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. ఈ రెండు నగరముల నడుమ నున్నది మన సీమ.

ప్రాంతీయ వార్తలు నగరమున కూర్పబడును. జిల్లాలలోని విలేఖరులు పంపిన సమాచారము సంక్షిప్తమై, ఏకరూపమైన భాషలో చదువబడును. కొలది నిమిషములలో రాష్ట్రమంతయు నిముడవలెను గనుక గ్రామమునకు తఱచుగా మూడు ద్వారములే మిగులును: ప్రముఖుల పర్యటనము, ప్రమాదము, ఉత్సవము. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, అట్టి వార్తలలో గ్రామము అధికరణమే కాని కర్త కాదు. త్రిపురారములో ఏదో జరుగును. త్రిపురారమువారు ఏమియు ననరు.

దీనికి నీటిపారుదలయే తగిన యుదాహరణము. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు విడువబడినది. నాటినుండి ఎడమకాలువ క్రింది రైతునకు నీటి రాకయే ప్రధానవార్త. జలాశయమట్టము ఎన్ని అడుగులో ప్రకటన చెప్పును. చివరి తూమునకు నీరు చేరినదా యనునది రైతు ప్రశ్న. మొదటిది నగరమున లభించును. రెండవది పొలముగట్టునకు పోయిననే కాని లభింపదు.

కళలవిషయమును ఇట్టిదియే. సూర్యాపేట సమీపమున దురాజ్‌పల్లిలో రెండేండ్ల కొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగును. పెద్దగట్టు జాతరయని ప్రజలు దానిని పిలుతురు. గజ్జెల లాగుల సవ్వడి, భేరీల మ్రోత, ‘ఓ లింగా’ యను కేక - ఇవి దాని ప్రాణము. వార్తలో అది భక్తుల సంఖ్యగాను, బస్సుల యేర్పాటుగాను మాత్రమే మిగిలినయెడల, శబ్దమే శరీరముగాగల మాధ్యమము శబ్దమునే విడిచినట్లగును. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు గ్రామములు తిరిగి జానపదగేయములను సేకరించి, వానిని విశ్వవిద్యాలయ పరిశోధనకు అర్హములుగ నిలిపిరి. ఆ మార్గమును రేడియో ధ్వనిముద్రణమునకును అన్వయింపవలెను. స్టూడియోలో సంస్కరింపబడిన పాట వేఱు, నాటువేయుచు పాడిన పాట వేఱు.

రాష్ట్రమంతటికిని అర్థము కావలసిన ప్రసారములో మాండలికమునకు తావెక్కడిదని కొందఱు ఆక్షేపింపవచ్చును. వార్త చదువువాని భాష ప్రమాణభాషగ నుండుట న్యాయమే. కాని సాక్ష్యము చెప్పు రైతు మాటను గూడ ఆ భాషలోనికి మార్చుట న్యాయము కాదు. గ్రామము పలుకుట అసాధ్యమును కాదు. 1956లో పూనా ప్రాంతమున 150 గ్రామములలో యునెస్కో సహాయముతో జరిగిన గ్రామీణ రేడియో గోష్ఠులలో, శ్రోతలు ప్రసారమును విని, చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు పంపిరి. 2008లో జహీరాబాదు సమీపమున మాచనూరులో ప్రారంభమైన సంఘం రేడియోలో గ్రామస్త్రీలే తమ మాటలలో తమ పంటలను, పాటలను, కష్టసుఖములను వినిపించిరి.

అయినను ఇచ్చట నొక చిక్కు గలదు. సముదాయ రేడియోలకు అనుమతి నిచ్చిన 2006 నాటి విధానము వానికి వార్తాప్రసారమును నిషేధించినది. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు 2011 నాటి విధానము ఆకాశవాణి వార్తలను యథాతథముగ వినిపించుటకే అవకాశ మొసంగినది. కావున పల్లెపలుకు గల రేడియోకు స్వంతవార్త లేదు. వార్తగల రేడియోకు పల్లెపలుకు చాలదు. ఈ లోపమును పూరింపదగిన సంస్థ ఆకాశవాణియే. దానిపై మా విమర్శకు కారణము దాని అసమర్థత కాదు, దాని బాధ్యతయే.

పరిశోధక విద్యార్థులు తమ సీమను గూర్చిన ప్రసారములను ఒక సంవత్సరము క్రమముగ విని, అందు ఎవరు పలికిరో, ఎవరిని గూర్చి ఇతరులు పలికిరో పట్టిక వేయుదురు గాక. గ్రామము అధికరణముగ వచ్చిన వాక్యము లెన్ని, కర్తగ వచ్చిన వెన్ని యను లెక్కయే ప్రాంతీయ రేడియో ఎంతవఱకు ప్రాంతీయమో తేల్చగలదు.